అడవికి మందు చల్లువారెవరు?

దేవరాపల్లికి ఉత్తరమున అనంతగిరి కొండల అడవికి ఎవరును పురుగుమందు చల్లుట లేదు. అయినను అచటి చెట్లు ఆకులు పోయి మోడులగుట అరుదు. పురుగులు లేకపోవుటచేత గాదు. మన పొలములకన్న అచట పెక్కు జాతులు కలవు. ఒకదానిని తినుటకో, దాని గ్రుడ్డులో తన గ్రుడ్డు పెట్టుటకో మఱియొకటి కాచియుండును. ఒకే జాతి చెట్లు బారులుగా లేకుండుటయు నొక కారణము.

ఆకులు కుట్టి గూళ్లు కట్టు ఎఱ్ఱచీమలను మనవారు జీడితోటలలో కాల్చివేయుదురు. జీడిపూతను పీల్చు టీదోమను పట్టునది ఆ చీమయే! దక్షిణ చైనాలో క్రీ. శ. 4వ శతాబ్దమునాటికే ఆ గూళ్లను సంతలో కొని నారింజచెట్లకు కట్టుచుండిరి. కుట్టునుగదా యందురు. కుట్టును, ఏరుబడినాడు ఒడలు మండుటయు నిజమే.

ఇండోనీషియాలో మితిమీరి మందు కొట్టగా సాలెపురుగులు చచ్చి వరిలో సుడిదోమ పెచ్చుపెరిగినది. 1986లో ఆ ప్రభుత్వము వరిపై 57 మందులను నిషేధించినది.

మన చెఱకునకు పీకపురుగు పీడ. దాని గ్రుడ్లలో పెరుగు ట్రైకోగ్రామా మిల్లీమీటరైనను లేని కందిరీగ జాతి. దానిని అట్టముక్కలపై పెంచి యిత్తురు. తోట నెలనాటిది కాగానే ఆకుల అడుగున కట్టవలెను. ఆ వారములలో మందు కొట్టరాదు.

సంఘము మందుడబ్బాలకు అప్పిచ్చుచు ఈ అట్టలను తెప్పింపకుండుట తగదని మా యభిప్రాయము. కొద్ది దినములలోనే ఈగలు వెలువడును గనుక నిలువ యుండవని కార్యదర్శులందురు. అట్లయిన రైతులు నాటిన తేదీలను సంఘమున వ్రాయించిన, ఏ వారమునకు ఎన్ని కావలయునో తెలియును. జనవరి నాట్లకు ముందే ఆ పట్టీ తెఱువవలెను.