పెద్ద కొలువు, ఏడాది కాగితం

వేములవాడలో మా అక్క కూతురికి హైదరాబాదులోని ఒక జీవశాస్త్ర పరిశోధనా సంస్థలో ఉద్యోగం వచ్చింది. తల్లి బీడీలు చేసి పిల్లల్ని చదివించిన ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు. సైంటిస్టు అయిందని వాడకట్టంతా చెప్పుకుంటున్నారు. ఆ సంతోషం నాకూ ఉంది. అయితే ఆమె నియామక పత్రంలోని రెండు మాటల గురించి మనం మాట్లాడుకోవాలి. ఒకటి 'తాత్కాలికం', రెండోది 'ప్రాజెక్టు ముగిసేవరకు'. ఏడాదికోసారి గడువు పొడిగించాలి. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. ఈ పద్ధతి ఏ ఒక్క సంస్థదో కాదు.

1977లో సీసీఎంబీ మొదలైన తర్వాత హైదరాబాదులో ఇలాంటి సంస్థలు మరికొన్ని వచ్చాయి. జీవకణాన్ని అర్థం చేసుకోవడానికి ఈనాడు జీవశాస్త్రం ఒక్కటే చాలదు. భౌతిక, రసాయన శాస్త్రాలవాళ్లు, గణితం, కంప్యూటరు తెలిసినవాళ్లు కలిసి పనిచేస్తున్నారు. శాస్త్రాల మధ్య గోడలు కూలుతున్నాయి గాని, పర్మినెంటు వాళ్లకూ ప్రాజెక్టు సిబ్బందికీ మధ్య గోడ అట్లాగే ఉంది. నిధులు ఇన్నేళ్లకని వస్తాయి. నిధులతో పాటే కొలువూ పోతుంది. ఇలాంటి కొలువుల్లో గడిచే వయసే ఆడవాళ్లకు పెళ్లి, కాన్పుల వయసు. పొమ్మని ఎవరూ అనరు, గడువు మాత్రం పొడిగించరు. ఆమే మానేసిందని లోకం అనుకుంటుంది.

ఇది మన ప్రాంతపు స్త్రీలకు కొత్త అనుభవం కాదు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్లలో ఇంటి దగ్గర చాట ముందు కూర్చుని తునికాకు చుట్టే ఆడవాళ్లు ఎవరి కార్మికులు? మధ్యలో టేకేదారును పెట్టి, వాళ్లు మా కార్మికులు కారన్నది బీడీ యజమానుల వాదన. 1977లో ప్రావిడెంట్ ఫండ్ చట్టాన్ని బీడీ పరిశ్రమకు వర్తింపజేస్తే యజమానులు కోర్టుకెక్కారు. ఇంట్లో పనిచేసే వాళ్లకూ ఆ చట్టం వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు వచ్చాక కూడా పీఎఫ్ నంబరు కోసం ఎంత తిరగాల్సి వచ్చిందో ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ప్రయోగశాలలోని ఆడవాళ్ల వైపు కూడా చట్టం ఉంది. మస్టర్ రోల్ మీద పనిచేసే కూలి స్త్రీలకు ప్రసూతి హక్కు ఉందని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు సెలవు 26 వారాలైంది. ఢిల్లీలో కాంట్రాక్టు మీద పనిచేసిన ఒక డాక్టరుకు, గడువు ముగుస్తోందని ఆసుపత్రి 11 రోజుల సెలవే ఇచ్చింది. కాంట్రాక్టు ముగిసినా ప్రసూతి ప్రయోజనం పూర్తిగా ఇవ్వాల్సిందేనని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ 26 వారాలు ఉన్నాయి.

పరిశోధన అంటేనే ప్రాజెక్టులు, అందరినీ పర్మినెంటు చేయడం సాధ్యం కాదంటారు. కావచ్చు. కాని నిధులకు దరఖాస్తు చేసేటప్పుడు యంత్రాలకు, రసాయనాలకు లెక్క వేసేవాళ్లు ప్రసూతి సెలవు జీతానికి మాత్రం ఎందుకు లెక్క వేయరు? సెలవులో పోయిన నెలలను ప్రాజెక్టు గడువుకు ఎందుకు కలపరు? శిశు సంరక్షణ కేంద్రంలో ప్రాజెక్టు సిబ్బంది పిల్లలకు చోటు ఉందా? ఈ ప్రశ్నలకు నిధులిచ్చే ప్రభుత్వ శాఖలూ జవాబు చెప్పాలి.

మహిళా సంఘాలు బీడీ కార్ఖానా దగ్గరికి వెళ్లినట్టు ఈ సంస్థల గేటు దగ్గరికి ఇంకా వెళ్లలేదు. చదువుకున్నవాళ్లు, వాళ్ల హక్కులు వాళ్లే చూసుకుంటారని మనలో ఒక భావన ఉంది. చేరేముందే ఇవన్నీ అడగమని మా అమ్మాయికి చెప్పాను. "ఒక్కదాన్నే అడిగితే గడువు పొడిగించరు చిన్నమ్మా" అంది. ఆ మాట నిజం. అందుకే ఒక్కతె అడగలేనిది సంఘాలు అడగాలి.