నేరేడు గింజ చేసిన తప్పేమిటి?

గృహవైద్యం మీద గౌరవం గల ఇంట పుట్టినవాణ్ణి నేను. మా అమ్మమ్మ వంటింటి అలమరలో శొంఠి, వాము, పిప్పళ్ళు, కరక్కాయ, ఎండబెట్టిన ఉసిరిక ముక్కలు వేరువేరు సీసాలలో ఎల్లప్పుడూ ఉండేవి. పెద్దవాడినై, రసాయనశాస్త్రంలో పట్టభద్రుణ్ణయి, కాకినాడలో ఒక ప్రయోగశాలలో రక్తమూత్ర పరీక్షలు చేయడం నేర్చుకుని, ముప్పై అయిదేళ్ళపాటు ఆ వృత్తితోనే జీవించాను. అమ్మమ్మ అలమరకూ, పరీక్షనాళికల బల్లకూ పొత్తు కుదరదని చాలామంది భావిస్తారు. నా అభిప్రాయం వేరు. గృహవైద్యానికి న్యాయం జరగాలంటే ముందుగా పరీక్ష చేసే చేయి సరిగా శిక్షణ పొందాలి. ఈ సంగతి నేను చేసిన ఒక తప్పు వల్లనే నాకు తెలిసివచ్చింది. పాఠకులకు ఉపయోగపడుతుందన్న ఆశతో దానిని దాచకుండా చెబుతున్నాను.

కడగడమే తొలి పాఠం

1983లో నేను శిక్షణకు చేరిన తొలి మాసమంతా గాజు సామాను కడగడంతోనే గడిచింది. డిగ్రీ చదివి వచ్చిన నాకు అది అవమానంగా తోచేది. మా గురువుగారు కడిగిన నాళికను వెలుతురుకు ఎత్తి చూసేవారు. లోపలి గోడ మీద నీరు పలుచని పొరలా సమంగా జారితే శుభ్రమైనట్లు. బొట్లుబొట్లుగా నిలిస్తే ఇంకా జిడ్డు ఉన్నట్లు. “నీళ్ళే సాక్ష్యం చెబుతున్నాయి కదయ్యా, మళ్ళీ కడుగు” అనేవారు.

తరువాత పిపెట్టు వచ్చింది. ఒక మిల్లీలీటరు నీటిని పదిసార్లు తీసి, పదిసార్లూ త్రాసులో తూచమన్నారు. ఒక మిల్లీలీటరు నీరు దాదాపు ఒక గ్రాము తూగాలి. నా పది తూకాలూ పది విధాలుగా వచ్చాయి. ద్రవం అంచును కంటికి సమానమైన ఎత్తులో ఉంచి, వంపు అడుగు భాగాన్ని చూసి కొలవాలని అప్పుడు అర్థమైంది. ఆ పది తూకాలూ ఒకదానికొకటి దగ్గరగా రావడానికి నాకు రెండు వారాలు పట్టింది.

ఆపైన మూడు నాళికల పాఠం. ఒక నాళికలో రోగి నమూనా ఉంటుంది. రెండవదానిలో మనకు ముందే బలం తెలిసిన ప్రమాణ ద్రావణం ఉంటుంది. మూడవదానిలో నమూనాకు బదులు ఉత్త నీరు పోస్తాం. దీనిని బ్లాంకు అంటారు. మూడింటికీ ఒకే మందు కలిపి, ఒకే వేడినీటిలో, ఒకే సమయం ఉంచాలి. బ్లాంకులో కూడా రంగు వచ్చిందంటే ఆ రంగు రోగిది కాదు, మన మందుదో మన మురికిదో అయి ఉండాలి. పరీక్ష నేర్చుకోవడమంటే మన తప్పును మనమే పట్టుకునే ఏర్పాటు చేసుకోవడమని నాకు ఆ మూడవ నాళిక నేర్పింది. కాని పాఠం పూర్తి కాలేదని మరుసటి వేసవిలో తెలిసింది.

మావయ్య నెత్తురు

మా మేనమామగారిది ముక్తేశ్వరం దాపున ఒక పల్లె. మధుమేహానికి డాక్టరుగారు వ్రాసిచ్చిన మాత్రలు వేసుకునేవారు. 1984 వేసవిలో ఎవరో చెప్పగా నేరేడు గింజల చూర్ణం కూడా పుచ్చుకోవడం మొదలుపెట్టారు. నెల గడిచాక దాని ఫలితం తెలుసుకోవాలనిపించింది. ఒక మే నెల ఉదయం ఆరున్నర గంటలకు ఊరి కాంపౌండరు చేత పరగడుపున నెత్తురు తీయించి, కడిగిన ఖాళీ పెన్సిలిన్ సీసాలో పోయించి, కొడుకు చేతికిచ్చి నా వద్దకు పంపారు. ఆ పిల్లవాడు పంటు మీద గౌతమి దాటి, కోటిపల్లి రేవులో బస్సెక్కి కాకినాడ చేరేసరికి మధ్యాహ్నం పన్నెండయింది.

గడ్డకట్టిన నెత్తురు మీద తేరిన సీరం తీసి పరీక్ష చేశాను. బ్లాంకు తేటగా ఉంది. ప్రమాణ ద్రావణం సరిగా పలికింది. 108 మిల్లీగ్రాములని వచ్చింది. సంతోషంతో కాగితం మీద వ్రాసి పంపాను. “ఇదిగో, మేనల్లుడే స్వయంగా చేసిన పరీక్ష” అని మావయ్య ఊరంతటికీ చూపించారట. మాత్రలు మానేశారు.

ఏడు వారాల తరువాత కాలి బొటనవేలికి మానని పుండుతో ఆయనే కాకినాడ వచ్చారు. అప్పటికప్పుడు తీసిన పరగడుపు నెత్తురులో చక్కెర 268 ఉంది. గురువుగారు నా పాత పుస్తకం తెరిచి, ఆ 108 అంకె మీద వేలు ఉంచి ఒక్కటే ప్రశ్న అడిగారు. “ఈ నెత్తురు ఎన్నింటికి తీశారు? ఏ సీసాలో పోశారు?” ఆ రెండూ నేను అడగలేదు, వ్రాసుకోలేదు.

నెత్తురు శరీరం నుండి బయటికి వచ్చిన తరువాత కూడా అందులోని కణాలు బ్రతికే ఉంటాయి. బ్రతికి ఉన్నంతసేపూ సీసాలోని చక్కెరను తింటూనే ఉంటాయి. మామూలు గది వేడిలో గంటకు నూటికి 5 నుండి 7 వంతుల చక్కెర ఇలా తరిగిపోతుంది. మే నెల ఎండలో ఇంకా ఎక్కువ. అందుకే నెత్తురు తీసిన అరగంటలోగా సీరం వేరు చేయాలి, లేదా సోడియం ఫ్లోరైడు ఉన్న సీసాలో పట్టాలి. ఫ్లోరైడు సీసాలోనూ మొదటి గంట రెండు గంటలు కొంత తరుగుదల ఉంటుంది, ఆపైన నిలిచిపోతుంది. మావయ్య నెత్తురు అయిదున్నర గంటలు ఉత్త సీసాలో ప్రయాణం చేసింది. నా నాళికలో అంకె సరైనదే. ఆ అంకె మాత్రం మావయ్య శరీరానిది కాదు.

బొటనవేలు తీసివేయవలసి వచ్చింది. మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. “ఆ నేరేడు గింజలు నన్ను మోసం చేశాయిరా” అని మాత్రం అన్నారు. ఆ మాట నన్ను నేటికీ బాధిస్తుంది. మే నెలలో నేరేడు గింజకు దానికి చెందని కీర్తి వచ్చింది. జూలైలో దానికి చెందని నింద వచ్చింది. రెండింటికీ కారణం నా పరీక్షే. ఆ చూర్ణం మావయ్య చక్కెరను ఎంత తగ్గించిందో, అసలు తగ్గించిందో లేదో ఇక ఎవరూ చెప్పలేరు.

భీమవరం బిడ్డ పేరిట ఒక పరీక్ష

మా ప్రయోగశాలలో రక్తంలోని భాస్వరాన్ని కొలవడానికి ఫిస్క్–సుబ్బారో పద్ధతి వాడేవాళ్ళం. ఆ సుబ్బారో మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించి, రాజమండ్రిలోనూ మద్రాసులోనూ చదువుకున్నారు. అమెరికా వెళ్ళకముందు మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించారు. 1922లో అమెరికా చేరి హార్వర్డులో సైరస్ ఫిస్క్ వద్ద పని చేశారు. 1925లో వారిద్దరూ ప్రచురించిన పద్ధతి ఇది. రక్తం నుండి మాంసకృత్తులను వేరుచేసి, తేటకు ఆమ్లంలో అమ్మోనియం మాలిబ్డేటు కలిపి, మరొక మందుతో నీలిరంగు తెప్పించి, ఆ నీలాన్ని ప్రమాణ ద్రావణపు నీలంతో పోల్చి చూస్తారు. దశాబ్దాల పాటు ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలలు దీనిని నిత్యం చేశాయి.

ఇది నిత్య పరీక్షే కదా అని చిన్నచూపు చూడరాదు. కండరం నుండి తీసిన ద్రవంలో ఆ నీలిరంగు రావలసినంత వేగంగా రాకపోవడాన్ని వారు గమనించారు. మందు పాడైందని పారబోసి ఊరుకోలేదు. ఆలస్యానికి కారణం వెదికి, కండరంలో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో లోకానికి తెలిపారు. మా గురువుగారు ఈ కథ చెప్పి, “రంగు ఆలస్యమైతే ఎందుకని అడిగినవాడు ఆయన. నెత్తురు ఆలస్యమైతే ఎందుకని అడగనివాడివి నువ్వు” అన్నారు. నన్ను అంతకంటె కఠినంగా ఎవరూ మందలించలేదు.

సమయానికి గల విలువ మన డెల్టా ప్రజలకు కొత్తది కాదు. బోదకాలు పురుగు పిల్లలు మన ప్రాంతంలో రాత్రివేళనే చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి గనుక ఫైలేరియా సిబ్బంది రాత్రిపూట వచ్చి నెత్తుటి చుక్క తీసుకోవడం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. పగలు తీస్తే రోగి ఆరోగ్యవంతుడిగా కనబడవచ్చు. ఆ రోగానికి వాడే హెట్రజాన్ మందును లెడర్లీ సంస్థలో వెలువరించినది కూడా సుబ్బారావుగారి పరిశోధక బృందమే.

పరీక్ష మనకు పరాయిది కాదు

పరీక్షలు పాశ్చాత్యుల సొమ్మని, నాడి చూసి చెప్పే మనకు అవి ఎందుకని కొందరు వాదిస్తారు. వారు మరచిన విషయం ఒకటి ఉంది. ప్రమేహ రోగి మూత్రానికి చీమలు చేరతాయని గమనించి చరకసంహితలో చెప్పారు. అష్టస్థాన పరీక్షలో నాడి తరువాత మూత్రాన్నే లెక్కించారు. యోగరత్నాకరం మూత్రం మీద నూనె బొట్టు వేసి అది వ్యాపించే తీరు చూడమంటుంది. చూడకుండా చెప్పరాదన్నది వారి నియమం. ఆ నియమాన్ని మనం కొత్త సాధనాలతో పాటిస్తే పూర్వులకు అపచారం ఏముంది? “ఒంట్లో హాయిగానే ఉంది కదా” అన్న మాట మధుమేహంలో సాక్ష్యం కానేరదు. మావయ్య కూడా హాయిగానే ఉన్నారు, పుండు పడేవరకు.

గృహవైద్యాన్ని కొలవకుండానే తోసిపుచ్చే వైద్యులకు కూడా నా మనవి ఇదే. కొలవండి, ఆ పిమ్మట చెప్పండి.

నేర్పేవారికీ, గృహస్థులకూ

నేడు యంత్రాలు వచ్చాయి. నమూనా పెట్టి మీట నొక్కితే అంకె వస్తుంది. శిక్షణకు వచ్చే పిల్లలకు మీట నొక్కడం ఒక వారంలో నేర్పవచ్చు. ఆ తరువాతి పాఠానికే తీరిక చూపడం లేదు. యంత్రం తనకిచ్చిన ద్రవాన్ని కొలుస్తుంది. ఆ నెత్తురు ఎప్పుడు తీశారో, రోగి ఏమి తిన్నాడో అది అడగదు. అందుచేత ప్రతి విద్యార్థి చేతా కొన్ని నెలలైనా స్వహస్తాలతో పిపెట్టు పట్టించాలని, బ్లాంకూ ప్రమాణ ద్రావణమూ పెట్టించాలని, బలం ముందే తెలిసిన కంట్రోలు ద్రవాన్ని రోజూ పరీక్షించి ఫలితం పుస్తకంలో వ్రాయించాలని, నమూనా తీసిన సమయం లేని సీసాను తిప్పి పంపే ధైర్యం నేర్పాలని నా నిశ్చితాభిప్రాయం.

గృహస్థులు కూడా కొన్ని జాగ్రత్తలు పాటించాలి. పరగడుపు పరీక్షకు ముందు కనీసం ఎనిమిది గంటలు నీరు తప్ప మరేమీ పుచ్చుకోరాదు. వీలైనంతవరకు ప్రయోగశాలకే వెళ్ళి నెత్తురు ఇవ్వాలి. ఇంటికి వచ్చి తీసేవారిని “ఎంతసేపటిలో చేరుస్తారు, ఏ సీసా తెచ్చారు” అని మొహమాటం లేకుండా అడగాలి.

వాడుతున్న మాత్రలతోపాటు చూర్ణాలు, రసాలు కూడా చెప్పాలి. ఉదాహరణకు ఉసిరికరసం, విటమిను సి మాత్రలు ఎక్కువగా పుచ్చుకునేవారి మూత్రంలో ఆ విటమిను అధికంగా దిగితే, చక్కెర లేకపోయినా బెనెడిక్టు ద్రావణం నీలం నుండి ఆకుపచ్చకో పసుపుకో తిరగవచ్చు. నేటి మూత్రపు పట్టీల మీద అదే విటమిను ఉన్న చక్కెరను కనబడనీయకపోవచ్చు. ఒకే ఉసిరిక రెండు పరీక్షలలో రెండు విధాల తప్పుదారి పట్టిస్తుందన్నమాట.

ఇంట్లో గ్లూకోమీటరు ఉన్నవారు వేలు పొడుచుకునే ముందు చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోవాలి. మామిడి రసం అంటిన వేలితో చూసుకుంటే యంత్రం పండులోని తీపిని మన నెత్తురుకు కడుతుంది. ఇక గృహవైద్యపు ఫలితాన్ని ఒక్క అంకెతో తేల్చుకోరాదు. గత రెండు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష నేడు అంతటా అందుబాటులో ఉంది. రక్తహీనత ఉన్నవారిలో అది కూడా తప్పు చూపవచ్చు గనుక ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఏ చూర్ణం మొదలుపెట్టినా, అంకె ఎంత తగ్గినా, డాక్టరుతో చెప్పకుండా మాత్రలు మానరాదు.

మావయ్య ఇప్పుడు లేరు. ఆయన పెరటి నేరేడు చెట్టు ఉంది, యేటేటా కాస్తూనే ఉంది. దాని కింద నిలబడిన ప్రతిసారీ నేను ఆ చెట్టుకు ఒక క్షమాపణ బాకీ ఉన్నాననిపిస్తుంది. నా తరువాత బల్ల ముందు నిలబడే పిల్లలకు ఆ బాకీ పడకూడదు. మందును మెచ్చుకునే ముందు, నిందించే ముందు, సీసా మీద వేళ వ్రాసి ఉందో లేదో చూడండి.