గునుగు చేసిన పాపమేమిటి?

మన భాషలో విషానికి 'మందు' అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, ఆయనకు వెయ్యి దండాలు! పురుగుల మందు, ఎలుకల మందు, కలుపు మందు. జ్వరానికి మింగేదీ మందే, గడ్డి మీద కొట్టేదీ మందే. ఈ ఒక్క మాట చాటున ఎంత ఘోరం జరిగినా మనకు చీమ కుట్టినట్టయినా ఉండదు. "మందే గదమ్మా, ఏం కాదు" అంటాడు దుకాణంవాడు. మనమూ తలూపి, సీసా తెచ్చి, పిల్లలు పాకే పచ్చిక మీద కొట్టిస్తాం.

పొలాల సంగతి నేను మాట్లాడబోవడం లేదు. కూలీలు దొరక్క, పెట్టుబడి గిట్టక నలిగిపోతున్న రైతు బాధ వేరు. నా జగడమంతా ఇంటి ముందు చారెడు పచ్చిక పెంచుకుని, అందులో నాలుగు పిచ్చి మొక్కలు మొలిస్తే నాగుపాము కనబడినట్టు కేకలు పెట్టే మనబోటి వాళ్లతోనే.

మా రాయికల్‌లో ఈ పచ్చిక సరదా కొత్తది. నా చిన్నప్పుడు వాకిలంటే మట్టి వాకిలే. పొద్దున్నే పేడనీళ్లు చల్లి ముగ్గు పెడితే అదే అందం. తర్వాత గల్ఫ్ డబ్బు వచ్చింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఏ దారిన పోయినా దుబాయి, మస్కట్ చెమటతో లేచిన డాబాలు కనిపిస్తాయి. ఎడారి ఎండలో పరాయివాళ్ల తోటలకు నీళ్లు పట్టిన మనిషికి తన ఇంటి ముందు కూడా కాస్త పచ్చదనం ఉండాలనిపిస్తే తప్పేముంది? పెంచుకోండి. పచ్చిక వద్దని నేననడం లేదు. దాని పేరు చెప్పి ఈ విషమెందుకని అడుగుతున్నాను.

అసలు కలుపంటే ఏమిటి? నర్సరీవాడు 'బెర్ముడా గ్రాస్' అంటూ గొప్పగా అమ్మేది ఏమిటనుకున్నారు? మన గరికే! కాకపోతే దాని సంకరజాతి సంతానం. అదే గరికను వినాయక చవితినాడు ఏరి తెచ్చి పూజ చేస్తాం. పొలంలోకి పాకితే రైతు పార పెట్టి తవ్వి పారేస్తాడు. గుళ్లో పూజాద్రవ్యం, చేలో కలుపు, నర్సరీలో సరుకు. మొక్క ఒకటే, మారింది మన చూపు.

ఈ చూపును కూడా మందే మారుస్తుంది సుమా! అమెరికాలో ఒకప్పుడు పచ్చిక విత్తనాల్లో క్లోవర్ అనే చిన్న మొక్క విత్తనాలను కావాలనే కలిపేవారు. అది నేలకు నత్రజని ఇస్తుంది గనుక. రెండో ప్రపంచయుద్ధం ముగిసే రోజుల్లో 2,4-డి అనే మందు వచ్చింది. అది గడ్డిని బతకనిచ్చి, వెడల్పాటి ఆకులున్న మొక్కల్ని చంపుతుంది. పాపం, క్లోవర్ ఆకులు వెడల్పు! మందుకు చచ్చింది కాబట్టి అది కలుపయింది. రోగానికి మందు కనిపెట్టడం విన్నాం గాని, మందు కోసం రోగాన్ని కనిపెట్టడం ఇక్కడే చూస్తాం.

ఇప్పుడు మన వాకిట్లో నేరస్థులెవరో చూద్దాం. పచ్చిక పరవడానికి చేలమట్టి తోలిస్తాం. ఆ మట్టితోనే విత్తనాలూ వస్తాయి. తొలకరి పడగానే గంగవాయిలకూర మొలుస్తుంది. పప్పులో వేసుకుంటే అమృతం. మేలైన కొవ్వులు అందులో ఉన్నాయని ఇవాళ పోషకాహారం చదివినవాళ్లు చెబుతున్నారు. తుమ్మి మొలుస్తుంది. వినాయక చవితికి మన ఇళ్లలో తుమ్మికూర వండాల్సిందే. గలిజేరు, పొన్నగంటి, నేలఉసిరి, ఇవన్నీ మన అమ్మమ్మలకు పేరు పేరునా తెలుసు. మనకు మాత్రం అన్నిటికీ కలిపి ఒకటే పేరు, కలుపు. పేరు తెలియనిదాన్ని చంపడం చాలా సులువు.

ఇక గునుగు. మొన్న వానాకాలం మా వీధిలో ఒకావిడ పచ్చికలో గునుగు మొలకలు చూసి పీకేయమంటే, కలుపు తీసే అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది.

"ఇది కలుపెట్లయితదమ్మా? గునుగు గదా! పెత్తరమాస నాటికి పూస్తది, జర ఆగరాదు."

ఆ మాట వేదవాక్కు. తెలంగాణ వచ్చాక 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసుకున్నాం. సంబరమే. కానీ బతుకమ్మలో తంగేడు పక్కన వరసలు పేర్చే గునుగు ఏ తోటలోనూ పెంచిన పువ్వు కాదు. మక్క చేలలో, బీళ్లలో, గట్ల మీద తనంతట తాను మొలిచే కలుపు. కలుపు మొక్కల్ని దేవతగా పేర్చుకుని, చుట్టూ తిరిగి చప్పట్లు కొట్టే జాతి మనది! ఇవాళ అదే గునుగును అంగట్లో కట్టలుగా కొంటున్నాం. వాకిట్లో మందు పోసి చంపి, బజారులో డబ్బు పోసి కొంటున్నామన్నమాట. ఇదేం లెక్కో మీరే చెప్పండి.

"అయితే తుంగను కూడా పూజించమంటారా?" అని మీరు అడగొచ్చు. లేదమ్మా. తుంగ మొండిది. పైన తెంపితే నేలలోని గడ్డల నుంచి మళ్లీ లేస్తుంది. వయ్యారిభామ మరీ చెడ్డది. 1950ల్లో పుణె దగ్గర కనిపించి, దేశమంతా పాకింది. తగిలితే దద్దుర్లు, దాని పుప్పొడితో ఆయాసం. (ఇంత దిక్కుమాలిన మొక్కకు పేరు పెట్టాల్సి వచ్చినా ఆడదాని పేరే దొరికింది చూశారా!) దాన్ని పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని, వేరుతో లాగేయాలి. తుంగను వాన పడి నేల మెత్తబడ్డాక గడ్డలతో సహా తవ్వాలి. ఒకసారితో పోదు, నాలుగుసార్లు తవ్వాలి.

మిగతాదంతా గడ్డే చూసుకుంటుంది. గరిక జాతికి ఎండ కావాలి. వేపచెట్టు నీడలో పరిచి, పలచబడిందని ఏడిస్తే లాభం లేదు. నున్నగా గుండు గీయించకండి. ఒక్కసారి మూడో వంతుకు మించి కోయించకండి. గడ్డి ఒత్తుగా, కాస్త ఎత్తుగా ఉంటే కింద విత్తనాలకు వెలుతురు తగలదు, అవి మొలవవు. రోజూ చిలకరిస్తే తుంగకే పండగ. ఆగి ఆగి, లోతుగా తడపండి.

ఇంత సుళువుగా ఉంటే మందెందుకు కొడుతున్నాం? అరగంటలో అయిపోతుందని. చాలా దుకాణాల్లో చేతికిచ్చే గ్లైఫోసేట్ అయితే కలుపుతో పాటు పచ్చికనూ మాడ్చేస్తుంది. అది మనుషులకు కాన్సర్ కలిగించే అవకాశముందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ విభాగం చెప్పింది. అంత ప్రమాదం లేదని కొన్ని దేశాల అధికారులన్నారు. వాళ్ల వాదన తేలేలోపల మన పసివాళ్ల అరికాళ్లతో పరీక్షలు చేయాలా? తెగుళ్ల నివారణ పని చేసేవారు తప్ప వేరెవరూ దాన్ని వాడరాదని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మరి మన వాకిట్లో కొట్టేదెవరు? ముక్కుకు గుడ్డయినా లేకుండా, చెప్పుల్లేని కాళ్లతో, రెండు వందలకు వచ్చిన కుర్రాడు.

గాలి మన ప్రహరీగోడ దగ్గర ఆగదు. ఒకరింట్లో 2,4-డి కొడితే పక్కింటి తులసి ఆకులు మెలితిరిగి ముడుచుకుపోయాయి. ఆ ఇల్లాలు దిష్టి తగిలిందని ఎండు మిరపకాయలు తీసింది. తగిలింది దిష్టి కాదు తల్లీ, మందు.

కుర్పీ పట్టుకునే అవ్వకు రెండు రోజుల కూలి ఇవ్వడానికి మనకు చేతులు రావు. ఆమె పీకిన గడ్డి మూట కట్టుకుపోతే ఇంటి దగ్గర బర్రె తింటుంది. గంగవాయిలకూర ఏరుకుపోతే ఆ పూట కూర అవుతుంది. మందు కొడితే కూలీ పోయె, మేతా పోయె, కూరా పోయె. మిగిలింది పచ్చటి చాప ఒకటి, దాని మీద కాలు పెట్టడానికి భయం ఒకటి.

కాబట్టి ఈ వానాకాలం సీసా కొనేముందు ఒక పని చేయండి. కలుపు తీసే ఆవిడను పిలిచి, పచ్చికలో మొలిచిన ప్రతి మొక్క పేరూ అడిగి తెలుసుకోండి. తీయాల్సినవేవో ఆవిడే చెబుతుంది. గోడవారగా జానెడు జాగా గునుగుకు వదిలిపెట్టండి. పెత్తరమాస ఎంతో దూరం లేదు.