అమ్మే మా లాకర్

ఈ ఏడు మన శాఖ విహారయాత్ర ఎక్కడికని క్లాసులో చేతులెత్తించినప్పుడు సగానికి పైగా చేతులు వండర్లాకే లేచాయి. నేనూ ఎత్తాను. కృష్ణగిరి డ్యాం పార్కు మనం చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. అక్కడ చేపల వేపుడు తిని రావడానికి కాలేజీ బస్సు అక్కర్లేదు. కానీ చెయ్యి దించాక ఒక మాట చెప్పాలనిపించింది. క్లాసులో చెప్తే నవ్వుతారని ఇక్కడ రాస్తున్నాను.

పోయిన వేసవి సెలవుల్లో మా ఇంటిల్లిపాదీ అక్కడికి పోయొచ్చాం. హోసూరులో తెల్లారి ఆరుకే బయల్దేరి, అత్తిబెలె దాటి, నైస్ రోడ్డు పట్టి, మైసూరు రోడ్డులో బిడది చేరేసరికి గేటు ఇంకా తియ్యలేదు. నాన్న, అమ్మ, పిన్ని, నేను, తమ్ముడు, పిన్ని పిల్లలిద్దరు. అమ్మ బాగలూరు దిక్కు గులాబీ తోటలో పని చేస్తుంది. ప్రేమికుల రోజుకు పూలు ఎగుమతయ్యే ఫిబ్రవరిలో ఆమెకు ఆదివారం కూడా ఉండదు. అందుకే ఈ ప్రయాణం అమ్మ కోసమేనని ఇంట్లో అందరం అన్నాం.

లోపలికి పోయిన పది నిమిషాలకే అమ్మ ఒక చెట్టు కింద బెంచీ చూసుకుంది. "నాకెందుకు పాపా ఇవన్నీ, తల తిరుగుతుంది. సామాన్లు నేను చూసుకుంటా, మీరు ఆడుకోని రాండి" అంది. మేము సరే అన్నాం. ఎంత తొందరగా అన్నామో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

రికాయిల్ అని ఒకటుంది. ముందుకు ఎంత వేగంగా పోతుందో వెనక్కీ అంతే వేగంగా వస్తుంది, నడుమ తలకిందులు చేస్తుంది. అది దిగి వణికే కాళ్లతో బెంచీ దగ్గరికి వస్తే అమ్మ ఒళ్లో ఐదు మొబైళ్లు, నాన్న వాచీ, పిన్ని కళ్లద్దాలు, కాళ్ల దగ్గర చెప్పుల కుప్ప. ఆ వరసలో బెంచీలన్నీ అలాగే ఉన్నాయి. ఎక్కువమంది అమ్మలు, అవ్వలు. అమ్మ అప్పటికే ఒకామెతో కన్నడంలో, ఇంకొకామెతో అరవంలో మాట కలిపింది (మన హోసూరు వాళ్లకు మూడు భాషలు ఎక్కడికి పోయినా అక్కరకొస్తాయి). సాయంత్రం దాకా అక్కడే ఉంది. సామాన్లు వదిలి పోలేక బాత్రూంకి కూడా లేవలేదని రాత్రి ఇంటికొచ్చాక పిన్నితో చెప్తుంటే విన్నాను.

పార్కును తప్పు పట్టడానికి నాకేమీ లేదు. లాకర్లు అద్దెకిస్తారు. ఆ డబ్బు మిగులుతుందని మేమే తీసుకోలేదు, అమ్మనే లాకర్ చేశాం. ఆమె టికెట్‌కు మాత్రం మాతో సమానంగా కట్టాం. నీళ్ల ఆటలకు చీరతో పోనివ్వరు. అదీ న్యాయమే, తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటే ప్రమాదం. ఆ సంగతి నాకు ముందే తెలుసు. నా బట్టలు, తమ్ముడి బట్టలు సర్దింది నేనే. అమ్మకొక నైలాన్ ప్యాంటు పెట్టాలని నాకు తోచనే లేదు.

అమెరికాలో 1955 జులై 17న డిస్నీల్యాండ్ తెరిచారు. ఆ ఆలోచన తనకెలా వచ్చిందో వాల్ట్ డిస్నీయే చెప్పుకున్నాడు. లాస్ ఏంజెలెస్‌లో ఒక పార్కులో ఇద్దరు కూతుళ్లూ రంగులరాట్నం ఎక్కితే తాను బెంచీ మీద కూర్చుని వేరుశనగలు తింటూ, పిల్లలూ పెద్దలూ కలిసి ఆడుకునే చోటు ఒకటుండాలి అనుకున్నాడట. మన దేశంలోనూ ఇలాంటి పార్కులు పెరుగుతూనే ఉన్నాయి. వండర్లా వాళ్లే బెంగళూరులో 2005లో, హైదరాబాదులో 2016లో తెరిచారు. బెంచీ మీద మనిషిని లేపడానికని పుట్టిన ఆలోచన ఇంత దూరం వచ్చింది, మా అమ్మ మాత్రం బెంచీ మీదే ఉంది.

"వాళ్లకే ఇష్టం ఉండదు, బలవంతం ఎందుకు?" అని నా పక్కన కూర్చునే అమ్మాయి అడిగింది. నిజమే, గుండె జబ్బున్న వాళ్లను, నిజంగా భయపడే వాళ్లను లాక్కుపోకూడదు. కానీ మా అమ్మ భయస్థురాలు కాదు. పెళ్లి కాకముందు హోసూరు తేరు తిరునాళ్లలో జెయింట్ వీల్ ఒకే పూట మూడుసార్లు ఎక్కిందని మామ ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. ఆ మాట గుర్తు చేసి, "మరి అక్కడెందుకు వద్దన్నావు?" అని అడిగితే అమ్మ టవళ్లు పిండుతూనే, "మీరు రెండోసారి అడగలేదు కదా" అంది. కోపంగా కూడా అనలేదు.

ఆడవాళ్ల కాలేజీలో చదువుతున్నాం. స్త్రీ స్వేచ్ఛ మీద పది మార్కుల ప్రశ్నకు నాలుగు పేజీలు రాస్తాం. అమ్మకు సెలవొచ్చిన ఒక్క రోజున ఆమె చేతికి సంచీలిచ్చి ఉరుకుతాం. నాకిది చిన్న విషయంగా కనిపించడం లేదు.

అందుకే మేడంలకు నా విన్నపం. ఈసారి యాత్రకు రాగలిగిన అమ్మలను కూడా రానివ్వండి. వాళ్ల టికెట్ మేమే కట్టుకుంటాం, లాకర్లకు తలా కొంత వేసుకుంటాం. బస్సు చాలకపోతే మాలో కొందరం టౌను బస్సుల్లో మారుకుంటూ వస్తాం. ఇంకొక్కటి, తేదీ మాత్రం ఆదివారం పెట్టండి. ఆరోజు రద్దీ ఎక్కువని తెలుసు, ప్రతి ఆటకూ క్యూలో నిలబడాలి. కానీ తోటలో అమ్మకు సెలవిచ్చేది ఆదివారమే.