చెట్టు లేని కల్లు

మొన్న హసన్‌పర్తిలో మీటింగు అయిపోయినంక ఒక తాత నన్ను పక్కకు పిలిచి అడిగిండు: "బిడ్డా, పొద్దంత కూలికి పోయొస్త. నడుము పట్టేస్తది. ఇంత కల్లు తాగి, మనుమని సెల్లుల బొమ్మలు జూస్తే గంటసేపన్న రంది మర్సిపోత. మీ మీటింగుకొస్తే మర్సిన రంది యాదికొస్తది. ఏది మంచిదో చెప్పు."

తాత అడిగింది తప్పు కాదు. తాగుబోతులని, సోమరులని మన వాడల్ని తిట్టే నోళ్లు ఊర్లె శానా ఉన్నయి. అందుల మన నోరు కలుపొద్దు. అలసిన మనిషికి సుఖం కావాలె. కాని దొరుకుతున్నది సుఖమా, సుఖం బొమ్మనా? అది అడగాలె.

కల్లు సంగతే చూడండి. తాటిచెట్టో ఈతచెట్టో గీసి గౌడన్న దించేది కల్లు. కల్తీ కల్లుకు చెట్టుతో పనిలేదు. నీళ్లు, తీపికి శాక్రిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, అల్ప్రాజోలాం. 2015లో సర్కారు దాడులు చేసి దాన్ని ఆపితే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అలవాటుపడ్డ జనం వణుకుతో, ఫిట్సుతో దవాఖానల పాలైన్రు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలే తీసింది. సుఖం కోసం మొదలుపెట్టినోడు ఆఖరికి వణుకు ఆగేటందుకు తాగుతడు.

సెల్లుల బొమ్మ ప్రాణం తీయదు, నిజమే. తెర మీద హీరో దొరను కొడితే మన పిల్లలు ఈలలేస్తరు. కోపం చల్లారుతది. తెల్లారి లేస్తే కూలి రేటు చెప్పేది మళ్లా ఆ దొరనే.

"ఏ చెడూ చేయని మత్తు ఉంటేనో?" అనొచ్చు. 1974లో రాబర్ట్ నోజిక్ అనే అమెరికా తత్వవేత్త ఇదే అడిగిండు. ఒక యంత్రం ఉందనుకోండి. అందుల పండుకుంటే ఏది కోరితే అది జరిగినట్టే అనిపిస్తది. జీవితమంతా అందులనే ఉంటరా? ఉండొద్దన్నడు ఆయన. మనిషికి చేసినట్టు అనిపిస్తే చాలదు, నిజంగ చేయాలె.

మనకు ఇది కొత్త మాట కాదు. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి చవదార్ చెరువు నీళ్లు తాగిండు. దాహమే అయితే ఇంట్ల కుండ నీళ్లు చాలు. మేమూ మనుషులమేనని తేల్చేందుకు పోయిన్రు. ఆ రోజే మనోళ్ల మీద దాడులు జరిగినయి. తర్వాత చెరువును 'శుద్ధి' చేసిన్రు. 1937లో గాని బొంబాయి హైకోర్టు మనవైపు తీర్పు చెప్పలేదు. పదేండ్లు! అదే యంత్రంల పండుకుంటే దెబ్బలు లేకుండనే నోటికి ఆ నీళ్ల రుచి దొరుకును. లేచి చూస్తే చెరువు మాత్రం వాళ్లదే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట అక్కలు అక్షరాలు నేర్చుకుంట సారా దుకాణం మూయించిన్రు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినయి. 1997లో ఆ మద్యనిషేధం ఎత్తేసిన్రు. నిషేధం పోయింది గాని "మేమే మూయించినం" అన్న మాట పోలే. అది ఎవడూ సీసాల పోసి అమ్మలేడు.

తాతా, పాట విను, బొమ్మ చూడు, నవ్వు. ఎవరు వద్దంటరు? తెల్లారినంక మాత్రం ఒక లెక్క చూసుకో. రాత్రి సుఖం నీ చేతుల ఏమన్న పెట్టిపోయిందా, జేబుల ఉన్నది గూడ పట్టుకపోయిందా?

డప్పునే చూడు. దొర ఇంటి పండుగకు వెట్టిగ కొట్టినా అదే సప్పుడు, మన సభకు మన ఇష్టంతోని కొట్టినా అదే సప్పుడు. చెవికి తేడా తెల్వదు. కొట్టే చేతికి తెలుస్తది.

మీటింగుల రంది యాదికొస్తదంటివి. నిజమే. కాని ఆ రంది నీ ఒక్కనిది కాదని తెలిసేది గూడ అక్కడనే. వచ్చే మీటింగుకు రా. మనుమన్ని గూడ తోలుకరా.

జై భీమ్!