తూము దించిన చేతికి పేరుండాలి

సార్వా నాట్ల వేళ శివారు రైతు ఏటా అడిగే ప్రశ్న ఒకటే. రాత్రికి రాత్రి తూము ఎవరు దించారు? లస్కరును అడిగితే "పైనుంచి చెప్పారండీ" అంటాడు. పైనున్నవారిని అడిగితే ఇంకా పైకి చూపిస్తారు. ఈలోగా నారుమడి నెర్రెలిస్తుంది.

రైవస్ కాలువ మీద ఆధారపడ్డ గుడివాడ వైపు రైతుదైనా, బందరు కాలువ చివరనున్న మచిలీపట్నం రైతుదైనా, పులిగడ్డ అక్విడక్టు దాటి వచ్చే నీళ్ల కోసం కాచుకునే దివిసీమ రైతుదైనా గోడు ఇదే. ప్రకాశం బ్యారేజీ నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారో మర్నాడు పేపర్లో వస్తుంది. మన బోదెకు నీళ్లు రాకుండా ఆపిందెవరో ఏ పేపర్లోనూ రాదు. సముద్రం పక్క పొలాల్లో అదను దాటితే ఎండడమే కాదు, ఉప్పు పైకి తేలుతుంది.

చట్టం లేదా అంటే ఉంది. 1997లో సాగునీటి వ్యవస్థల యాజమాన్యాన్ని రైతులకు అప్పగిస్తూ శాసనసభ చట్టం చేసింది. ప్రతి నీటి సంఘానికీ ఒక అధికారిని ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నియమించవచ్చని అందులో ఉంది. ఆ అధికారి సంఘం తీర్మానాల అమలుకు ఆ సంఘానికే బాధ్యుడని కూడా ఉంది. ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆయన మన మీద అధికారి కాదు, మన తీర్మానానికి జవాబుదారీ. ఆయన పేరు మీ సంఘంలో ఎంతమందికి తెలుసు?

పేరు ప్రకటించడం చిన్న సంగతి కాదు. రాష్ట్ర విభజన చట్టంతో 2014లో కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ఏర్పడింది. ఏయే ప్రాజెక్టులు దాని పరిధిలోకి వస్తాయో చెబుతూ కేంద్రం గెజిట్ ఇచ్చింది 2021 జులై 15న. గెజిట్ కాగితం మీదే ఉండిపోయింది. 2023 నవంబరు ఆఖరున నాగార్జునసాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. గేటు ఎవరి చేతిలో ఉందో తేలకపోతే రాష్ట్రాలే కొట్లాటకు దిగాయి. బోదె దగ్గర రైతూ రైతూ పారలెత్తుకుంటే ఆశ్చర్యమేముంది?

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో నీటి చౌర్యం మీద పెద్ద గొడవ రేగాక 2017లో ప్రత్యేక నియంత్రణ సంస్థ కోసం చట్టం చేశారు. అక్కడ తనిఖీకి వచ్చిన అధికారికి గుర్తింపు కార్డు ఉంటుంది, అడిగితే చూపాలి. అదేమీ ఖర్చుతో కూడిన పని కాదు.

"సిబ్బందే లేరు, బోర్డులెక్కడ పెట్టేది?" అంటారు. సిబ్బంది తక్కువైనప్పుడే ఎవరి బాధ్యత ఏదో రాసి ఉండాలి. లేకపోతే పైనున్న రొయ్యల చెరువు మోటారుకు ఒక న్యాయం, శివారు వరిచేనుకు ఒక న్యాయం నడుస్తుంది.

మన తప్పూ ఒప్పుకుందాం. వంతు కాని రోజున తూము ఎత్తే రైతులు మనలోనూ ఉన్నారు. అధికారికి పేరూ కార్డూ ఉంటే వాళ్లనూ ఆపగలడు, భయపడకుండా కేసు రాయగలడు. నిజాయితీగల ఉద్యోగికి ఇది రక్షణే.

కాబట్టి మనం అడిగేవి నాలుగు. ప్రతి లాకు దగ్గరా బాధ్యుడైన అధికారి పేరు, హోదా, ఫోను నంబరు తెలుగులో రాసిన బోర్డు ఉండాలి. తనిఖీకి వచ్చేవారు గుర్తింపు కార్డు చూపాలి. వంతు మార్చినా, తూము దించినా కారణంతో రాతపూర్వక ఉత్తర్వు సంఘానికి ఇవ్వాలి. జరిమానా వేస్తే రసీదు ఇవ్వాలి.

రాబోయే సర్వసభ్య సమావేశంలో ఈ నాలుగింటినీ తీర్మానం చేయించి, ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకోండి. నీటి తీరువా రసీదు మీద మన పేరు ఉంటుంది. నీళ్లు ఆపిన ఉత్తర్వు మీద వాళ్ల పేరు ఉండి తీరాలి.