మిట్టమధ్యాహ్నం ఫ్లాష్ ఎందుకంటే...

ఎండ మండిపోతుంటే కెమెరాకి ఫ్లాష్ బిగిస్తారా ఎవరైనా? చూసినవాళ్లు నవ్వుతారు, సూర్యుడికి దివిటీ పట్టినట్టుందని. కానీ అనంతపురం సీమలో ఆ దివిటీ అవసరం కాస్త ఎక్కువే.

ఏడాది మొత్తమ్మీద సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే నేల ఇది. మబ్బు తక్కువ, నీడనిచ్చే చెట్టు తక్కువ. వెలుతురు నడినెత్తి మీద నుంచి నిటారుగా దిగుతుంది. తెల్ల పంచె, తెల్ల తలగుడ్డతో ఓ పెద్దాయన శనక్కాయ చేను గట్టు మీద నిలబడ్డాడనుకోండి. కెమెరా ముందుగా చూసేది ఆ తెల్లటి బట్టల్నీ, మెరిసే నేలనీ. 'వెలుతురు మరీ ఎక్కువుంది' అనుకుని తగ్గించేస్తుంది. ఫలితం... పంచె అంచు కూడా స్పష్టంగా పడుతుంది. తలగుడ్డ కింద మొహం మాత్రం నల్లటి మచ్చ.

అదేమంత పెద్ద విషయం అనిపించొచ్చు. ఉద్యోగాల కోసం బెంగళూరు వెళ్లిన పిల్లలు ఉగాదికో సంక్రాంతికో ఇంటికొచ్చినప్పుడు తీసినవే చాలా ఇళ్లలో అవ్వాతాతల ఫొటోలు. స్టూడియోకి వెళ్లి కూర్చునే ఓపిక వాళ్లకుండదు. తర్వాతెప్పుడో గోడకి పటం కట్టించాల్సి వచ్చి ఆల్బమ్ తిరగేస్తే అప్పుడు తెలుస్తుంది నష్టం. నల్లగా పడిన మొహాన్ని కంప్యూటర్లో ఎంత తెల్లబరిచినా వచ్చేది మనిషి కాదు, ఇసుక పోసినట్టుండే చుక్కలే.

ఇప్పటి ఫోన్లు ఒకేసారి నాలుగైదు ఫొటోలు తీసి, కలిపి మొహాన్ని కాస్త తేటపరుస్తున్నాయి. అయినా కళ్ల గుంటల్లో, ముక్కు కింద నీడ అలాగే ఉంటుంది. ఎందుకంటే వెలుతురు వచ్చే దిక్కు మారలేదు. దిక్కు మార్చగలిగేది ఫ్లాష్ ఒక్కటే. పైన ఫ్లాష్ బిగించుకునే గాడి, అంటే హాట్ షూ ఉన్న కాంపాక్ట్ కెమెరా బీరువాలో ఉంటే దుమ్ము దులపడానికి ఇదే సమయం. 2000లో వచ్చిన క్యానన్ పవర్‌షాట్ జి1, 2008 నాటి ప్యానసోనిక్ ల్యూమిక్స్ ఎల్‌ఎక్స్3, 2010 నాటి నికాన్ కూల్‌పిక్స్ పి7000 ఇలాంటివే.

రెండు ఎడ్లు, రెండు పగ్గాలు

ఫ్లాష్ వేసి తీసిన ప్రతి ఫొటోలోనూ రెండు వెలుతుర్లు ఉంటాయి. ఒకటి చుట్టూ ఉన్నది... ఎండ, దీపం, సాయంత్రపు ఆకాశం. రెండోది ఫ్లాష్‌ది. ఇది జోడెడ్ల బండి. ఒక ఎద్దే లాగితే బండి పక్కకి పోతుంది.

ఫ్లాష్ వెలుగు కనురెప్పపాటు కూడా ఉండదు. సెకనులో వెయ్యో వంతో, అంతకన్నా తక్కువో. కాబట్టి షట్టర్ కాసేపు ఎక్కువ తెరుచుకున్నా ఫ్లాష్ వెలుగు పెరగదు. చుట్టూ ఉన్న వెలుతురు మాత్రం పెరుగుతుంది. అపర్చర్, అంటే లెన్సు కన్ను, చిన్నదైతే రెండూ తగ్గుతాయి. గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే: వెనకాల దృశ్యం ఎంత కనిపించాలో షట్టర్ చెబుతుంది, ఫ్లాష్ మొహం మీద ఎంత పడాలో అపర్చర్ చెబుతుంది.

ఏ మోడ్‌లో ఏం జరుగుతుంది?

'పి' మోడ్: రెండూ కెమెరానే చూసుకుంటుంది. చీకట్లో చెయ్యి వణికినా ఫొటో చెదరకూడదని చాలా కెమెరాలు షట్టర్‌ని 1/60 దగ్గర ఆపేస్తాయి. అందుకే రాత్రి పెళ్లి ఫొటోల్లో దంపతులు తెల్లగా, వెనకున్న పందిరి నల్లగా పడుతుంటాయి.

'ఎ' లేదా 'ఏవీ': అపర్చర్ మన చేతిలో, షట్టర్ కెమెరా చేతిలో. చీకటి పడ్డాక షట్టర్ అర సెకను, సెకను కూడా తెరుచుకోవచ్చు. దృశ్యం అందంగానే వస్తుంది కానీ కెమెరాని అరుగు మీదో స్టాండు మీదో పెట్టాలి. చేత్తో పట్టుకుంటే అంతా అలికేసినట్టే.

'ఎస్' లేదా 'టీవీ': షట్టర్ మనది, అపర్చర్ కెమెరాది. పొద్దు వాలాక 1/30 పెడితే వెనక ఆకాశం రంగు మిగులుతుంది.

'ఎం': రెండూ మనమే. పేరు చూసి భయపడతారు కానీ ఫ్లాష్‌తో అన్నిటికన్నా నమ్మకమైనది ఇదే.

కారణం ఉంది. కెమెరా కంపెనీ ఫ్లాష్ అయితే ఎంత వెలగాలో కెమెరాతో మాట్లాడుకుంటుంది. సెకండ్ హ్యాండ్‌లో దొరికే మామూలు ఫ్లాష్‌కి ఆ భాష రాదు. నొక్కగానే వెలుగుతుంది, అంతే. 'పి'లో, 'ఎస్'లో కెమెరా ఒక్కో ఫొటోకి ఒక్కో అపర్చర్ పెడుతుంది. దాంతో ఒక ఫొటోలో మొహం తెల్లబోతుంది, పక్క ఫొటోలో మాడిపోతుంది. తప్పు ఫ్లాష్‌ది కాదు. అపర్చర్ కదలని మోడ్ పట్టుకుంటే, అంటే 'ఎ' లేదా 'ఎం'లో ఉంటే, ఈ గోల ఉండదు.

మిట్టమధ్యాహ్నపు లెక్క

ఇక అసలు సంగతి. పెద్ద ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో మామూలుగా 1/200, 1/250 దాటితే ఫ్లాష్ సరిగా పడదు. ఫొటోలో సగం నల్లటి పట్టీ వస్తుంది. చాలా కాంపాక్ట్ కెమెరాల్లో షట్టర్ లెన్సులోనే పువ్వులా విచ్చుకుంటుంది కాబట్టి ఆ బెడద తక్కువ. 1/500లోనూ ఫ్లాష్ పడుతుంది. చిన్న కెమెరా పెద్ద కెమెరాని దాటేసే చోటు ఇదే. కెమెరాని బట్టి హద్దు మారుతుంది, ముందు ఓసారి తీసి చూసుకోవాలి.

నడి ఎండకి ఐఎస్‌వో 100, ఎఫ్/8, 1/400 లేదా 1/500 సరిపోతుంది. ఇప్పుడు ఫ్లాష్ ఎంత దూరం అందుతుంది? ప్రతి ఫ్లాష్‌కీ గైడ్ నంబర్ అని ఒకటి ఉంటుంది. దాన్ని అపర్చర్‌తో భాగిస్తే దూరం వస్తుంది. గైడ్ నంబర్ 28 అయితే, 28ని 8తో భాగిస్తే మూడున్నర మీటర్లు. కంపెనీ చెప్పినదానికన్నా కాస్త తక్కువే అందుతుందనుకుంటే మంచిది. అంటే మూడు మీటర్ల దూరం నుంచి తీయొచ్చు. దూరం రెట్టింపైతే వెలుగు పావువంతుకి పడిపోతుంది కాబట్టి చేను అవతలి గట్టు నుంచి ఫ్లాష్ కొట్టి లాభం లేదు.

ఇంకో చిట్కా. ఫ్లాష్ పూర్తిగా కాకుండా సగం పవర్‌లో పెడితే నీడ పల్చబడుతుంది, పోదు. చూసినవాళ్లకి ఫ్లాష్ వేశారన్న సంగతే తెలియకూడదు. అదీ పనితనం! ధర్మవరం పట్టుచీర కట్టుకున్నవాళ్లని తీసేటప్పుడైతే ఇది తప్పనిసరి. నిండు ఫ్లాష్ సూటిగా పడితే జరీ అంతా తెల్లటి రేకులా అయిపోతుంది.

మిద్దె ఇంట్లో...

ఇళ్లలో ఫ్లాష్ తలని పైకప్పుకేసి తిప్పి కొట్టమని పుస్తకాలు చెబుతాయి. తెల్లటి స్లాబు ఉన్న ఇంట్లో అది అద్భుతంగా పనిచేస్తుంది. కానీ పాత మట్టి మిద్దెల్లో కప్పు దూలాలు పొగచూరి ఉంటాయి. అక్కడికి పోయిన వెలుగు తిరిగి రాదు. ఆ ఇళ్లలో పక్కనున్న సున్నం గోడే అద్దం. ఫ్లాష్ తలని ఆ గోడ వైపు తిప్పితే కిటికీ వెలుతురులాంటి మెత్తటి వెలుగు మొహం మీద పడుతుంది. గోడ నీలం రంగుదైతే మాత్రం మొహమూ నీలంగానే వస్తుంది, తెల్ల దుప్పటి ఆరేసుకోవడం మేలు.

ఎక్కడ ఆపాలి?

ఫ్లాష్ వేయడం ఎంత ముఖ్యమో ఆపడమూ అంతే. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లిన నిమ్మలకుంట ఇందుకు మంచి పాఠం చెబుతుంది. 2020లో పద్మశ్రీ అందుకున్న తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు ఊరది. తోలుబొమ్మలాటలో దీపం తెర వెనక ఉంటుంది. పల్చటి తోలులోంచి రంగులు వడకట్టుకుని ముందుకొస్తాయి. ముందు నుంచి ఫ్లాష్ కొడితే రాముడూ మిగలడు, రావణుడూ మిగలడు... తెల్ల బట్ట మిగులుతుంది. అక్కడ ఫ్లాష్ తీసేసి 'ఎం'లో, ఐఎస్‌వో పెంచి, 1/60 దగ్గర మొదలుపెట్టాలి. తెర మరీ తెల్లగా వస్తే షట్టర్ వేగం పెంచుకుంటూ పోవచ్చు.

అదే జిల్లాలోని లేపాక్షిలోనూ అంతే. 16వ శతాబ్దపు వీరభద్రాలయంలో పైకప్పే చిత్రపటం. అక్కడ ఫ్లాష్ తిప్పి కొట్టడానికి కప్పు వెతుక్కోకూడదు. ఫ్లాష్ సంచిలో పెట్టి, మోచేతులు డొక్కలకి ఆనించి, ఊపిరి బిగబట్టి తీసుకోవాలి.

పాతదైతే జాగ్రత్త

ఫిల్మ్ కాలం నాటి కొన్ని ఫ్లాష్‌ల కాంటాక్టు దగ్గర 200 వోల్టులు దాటి ఉంటుంది. డిజిటల్ కెమెరా దాన్ని తట్టుకోలేక కాలిపోవచ్చు. ఎలక్ట్రానిక్స్ మెకానిక్ దగ్గర మల్టీమీటర్‌తో కొలిపించుకున్నాకే బిగించాలి. బ్యాటరీలు లోపలే వదిలేసి బీరువాలో పెడితే అవి కారి ఫ్లాష్‌ని తినేస్తాయి. వాడనప్పుడు తీసేయాలి.

నేర్చుకోవడానికి ఒక ఆదివారం చాలు. ఇంట్లో పెద్దవాళ్లని ఎండకి వీపు పెట్టి నిలబెట్టాలి. అప్పుడు కళ్లు చికిలించరు. మూడు మీటర్ల దూరం నుంచి, ఎఫ్/8, 1/500లో ఫ్లాష్ లేకుండా ఒకటి, సగం పవర్‌తో ఒకటి, పూర్తి పవర్‌తో ఒకటి తీయాలి. మూడూ పక్కపక్కన పెట్టి, ఏది బాగుందో వాళ్లనే అడగండి. తమ మొహం తమకి కనిపించినదాన్నే ఎంచుకుంటారు.